లంక చుట్ట ఘాటు.. కొత్తవారికి తెలియని లెక్క
* నేల, ఆకు, మండె, మందం.. అన్నీ కలిస్తేనే బలం
* రంగు చూసి అంచనా వేస్తే బోల్తా పడటం ఖాయం
* 'తేలిక' అన్నది నోటికే.. రోగానికి కాదు

రావులపాలెం, మన ప్రతినిధి: పెళ్లివారి విడిదింట అర్ధరాత్రి వేళ కలకలం రేగింది. ఇరవై రెండేళ్ల యువకుడు ఉన్నట్టుండి అరుగుపై కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది. ఒళ్లంతా చల్లటి చెమటలు పట్టాయి. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. పాము కరిచిందేమోనని ఒకరు, గుండెపోటేమోనని మరొకరు, కల్తీ మద్యం తాగాడేమోనని ఇంకొకరు ఆందోళన చెందారు. హుటాహుటిన ఆటోలో సమీపంలోని ఆసుపత్రికి తరలించారు. వైద్యుడు నాడి పరీక్షించి, నోటి వాసన పసిగట్టి అడిగిన ప్రశ్న ఒక్కటే.. 'చుట్ట కాల్చావా?'. స్నేహితులతో పందెం కాసి తాతగారి చుట్టను సగానికి పైగా కాల్చానని, సిగరెట్ మాదిరిగానే పొగను లోపలికి పీల్చానని ఆ యువకుడు ఒప్పుకోక తప్పలేదు. తెల్లవారేసరికి కోలుకున్నాడు. కోనసీమలోని ఓ గ్రామంలో చోటుచేసుకున్న ఉదంతమిది.

రోజుకు పది సిగరెట్లు కాల్చే కుర్రవాడిని అర చుట్ట ఎందుకు పడగొట్టింది? అదే పొగాకును డెబ్బై ఏళ్లు దాటిన తాత రోజుకు నాలుగుసార్లు కాల్చి, ఏమీ ఎరగనట్టు చేనుకు ఎలా వెళుతున్నారు? ఈ ప్రశ్నలకు సమాధానం 'ఘాటు' అన్న ఒక్క మాటలో ఉంది. ఆ మాటను అందరూ వాడుతున్నా, అది ఎక్కడ పుడుతుందో, దేనివల్ల పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో తెలిసినవారు తక్కువ. పల్లెల్లో తాతల చుట్టలను సరదాకు ముట్టించే యువకులు, పట్టణాల్లో విదేశాల నుంచి వచ్చిన బంధువులు తెచ్చిన సిగార్లను రుచి చూడబోయే ఉద్యోగులు.. ఉభయులూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. ఘాటును రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి, లేదా అమ్మేవారి మాటను బట్టి అంచనా వేయడం. ఈ నేపథ్యంలో చుట్ట బలం వెనుక ఉన్న లెక్కలను, దానివల్ల కలిగే అనర్థాలను పరిశీలిస్తే ఆసక్తికరమైన విషయాలు వెలుగుచూస్తాయి.

ఘాటు వేరు.. రుచి వేరు

కొత్తవారు మొదట గ్రహించవలసింది ఈ తేడానే. ఘాటు అంటే ఆకులో ఉన్న నికోటిన్ శరీరంపై చూపే ప్రభావం. తల తిరగడం, గుండె వేగంగా కొట్టుకోవడం, కడుపులో తిప్పడం దీని ఫలితాలే. రుచి అంటే నాలుకకు, ముక్కుకు తెలిసే గుణం. కారం, చేదు, మట్టి వాసన, కాల్చిన గింజల వాసన వంటివి రుచికి సంబంధించినవి. ఈ రెండూ ఎల్లవేళలా జతగా ఉండవు. నోటికి మెత్తగా, కమ్మగా అనిపించిన పొగ అరగంట తరువాత మనిషిని కూలదోయవచ్చు. గొంతులో మంట పుట్టించిన నాసిరకం పొగలో నికోటిన్ తక్కువగానే ఉండవచ్చు. గొంతు పట్టేసిందంటే అది బలమైన పొగాకని, పట్టలేదంటే తేలికైనదని అనుకోవడం సరికాదు. సరిగా మగ్గని ఆకులో మిగిలిపోయిన అమ్మోనియా కూడా గొంతును పట్టేస్తుంది.

సిగార్ల వ్యాపారంలో మైల్డ్, మీడియం, ఫుల్ అనే మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. ఈ మాటలకు అంతర్జాతీయంగా ఒక కొలబద్ద అంటూ లేదు. ఒక తయారీదారు మీడియం అన్నది మరొకరి లెక్కలో ఫుల్ కావచ్చు. అందుచేత పెట్టెపై ఉన్న మాట కంటే లోపల ఉన్న ఆకు గురించి తెలుసుకోవడమే ముఖ్యం.

గోదావరి ఒండ్రులో పుట్టే బలం

ఘాటుకు తొలి మెట్టు నేల. గోదావరి నదీగర్భంలోని లంకల్లో ఏటా వరద వచ్చి కొత్త ఒండ్రు పరిచిపోతుంది. వరద తీసిన తరువాత ఆ నేలలో నాటే పొగాకే లంక పొగాకు. సారవంతమైన ఒండ్రులో మొక్కకు నత్రజని సమృద్ధిగా అందుతుంది. నికోటిన్ తయారీకి నత్రజనే ముడిసరుకు. అందువల్ల లంక ఆకు మందంగా, జిగటగా, ముదురు రంగులో ఎదిగి ఘాటెక్కుతుంది. సిగరెట్లలో వాడే వర్జీనియా ఆకులో నికోటిన్ సాధారణంగా 1 నుంచి 3 శాతం వరకు ఉంటుంది. చుట్టలకు వాడే నాటు రకాల్లో ఇంతకంటే ఎక్కువగా ఉండటం పరిపాటి.

లంక పొగాకు కీర్తి నిన్నటిది కాదు. ఆంగ్లేయుల పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ చుట్టలకు 'లంకా' అనే పేరే స్థిరపడింది. ఆంగ్ల రచయిత ఆర్థర్ కానన్ డాయల్ 1890లో వెలువరించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదలను బట్టి నేరస్థులను గుర్తించడం గురించి మాట్లాడుతూ ఈ లంక చుట్టను ప్రస్తావిస్తాడు. గోదావరి లంకల్లో రైతు పండించిన ఆకు లండన్ నవలలోకి ఎక్కడం విశేషం. ఇంగ్లిషులో వాడే 'చెరూట్' అన్న మాటకు సైతం తమిళ 'సురుట్టు' మూలం. మన 'చుట్ట' దానికి చుట్టమే. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ ఏర్పాటు కావడానికి ఈ ప్రాంతపు పొగాకు సేద్యమే కారణం.

తల తుంచితే ఘాటు పెరుగుతుంది

రైతు చేతిలోనూ ఘాటు కిటుకు ఉంది. పొగాకు మొక్క పూతకు రాగానే తలలు తుంచుతారు. ఆపై పక్కల నుంచి వచ్చే పిలకలను తీసివేస్తారు. పువ్వుకు, గింజకు పోవలసిన బలం ఆకులకు మళ్లుతుందని రైతులు చెబుతారు. శాస్త్రం కూడా ఈ మాటను సమర్థిస్తోంది. నికోటిన్ తయారయ్యేది ఆకులో కాదు, వేరులో. తల తుంచిన వెంటనే వేరు నికోటిన్ తయారీని పెంచి ఆకులకు పంపుతుంది. మొక్కకు ఇది పురుగు నుంచి కాపాడుకునే ఆయుధం. మనిషి దానిని మత్తుగా మలచుకున్నాడు. ఎంత కిందికి తుంచి, ఎంత తక్కువ ఆకులు నిలిపితే ఉన్న ఆకులు అంత బలంగా తయారవుతాయి.

అడుగాకు, నడిమాకు, తలాకు

ఒకే మొక్కపై ఉన్న ఆకులన్నీ ఒకే ఘాటు కలిగి ఉండవు. నేలకు దగ్గరగా ఉండే అడుగాకు పలుచన. ఎండ తక్కువగా తగులుతుంది. ఘాటు తక్కువ, కానీ చక్కగా కాలుతుంది. నడిమాకు మధ్యస్థం. సువాసనకు ఇదే ఆధారం. పైన ఉండే తలాకు పూర్తి ఎండను తాగి, ఆలస్యంగా ముదిరి, మందంగా, జిడ్డుగా ఉంటుంది. నికోటిన్ దీనిలోనే అధికం. నెమ్మదిగా కాలుతుంది.

సిగార్లకు పేరుపొందిన క్యూబాలోనూ ఇదే లెక్క అమలులో ఉంది. అక్కడ అడుగాకును వొలాడో అని, నడిమాకును సెకో అని, పైఆకును లిజేరో అని పిలుస్తారు. ఈ మూడింటిని ఏ పాళ్లలో కలిపారన్నదే సిగార్ బలాన్ని నిర్ణయిస్తుంది. లిజేరో పాలు పెరిగేకొద్దీ ఘాటు పెరుగుతుంది. దానిని సాధారణంగా సిగార్ మధ్యలో ఉంచుతారు. నెమ్మదిగా కాలే ఆకు కాబట్టి అంచున ఉంటే మంట సమంగా సాగదు. సముద్రాల అవతల స్పానిష్ మాటల్లో చెప్పే ఈ విద్యను మన చుట్టలు చుట్టేవారు ఏ బడికీ వెళ్లకుండానే వేళ్లతో తెలుసుకున్నారు. ఆకును బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి చూసి అది తలాకో, అడుగాకో చెప్పగలవారు నేటికీ లంక గ్రామాల్లో ఉన్నారు.

మండెలో దిగే ఘాటు

కోసిన ఆకు నేరుగా చుట్టకు పనికిరాదు. వేలాడదీసి ఆరబెట్టిన తరువాత పదును చూసి ఆకును కట్టలుగా కట్టి మండె వేస్తారు. మండెలో ఆకు దానంతట అదే వేడెక్కుతుంది. వేడి మితిమీరకుండా మండెను విప్పి, పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ పేరుస్తారు. ఈ క్రమంలో అమ్మోనియా బయటకు పోతుంది. నికోటిన్ కొంత తగ్గుతుంది. పచ్చి వాసన పోయి పొగాకుకు సహజమైన కమ్మదనం వస్తుంది. మండె దగ్గర నిలబడితే కళ్లలో నీళ్లు తిరగడానికి ఆ అమ్మోనియాయే కారణం.

తొందరపడి మండెను ముందుగానే విప్పేసిన ఆకు కాల్చినప్పుడు గొంతును, నాలుకను కోస్తుంది. దానినే కొందరు 'అసలు ఘాటు'గా భావిస్తున్నారు. అది బలం కాదు, పచ్చిదనం. కొత్తవారికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు.

రంగు చెప్పే అబద్ధం

నల్లటి చుట్ట బలమైనదని, లేత గోధుమ రంగుది తేలికైనదని అత్యధికులు నమ్ముతారు. ఇందులో నిజం పాక్షికం. బయటకు కనిపించేది పైఆకు చుట్టు మాత్రమే. బరువులో దాని వాటా స్వల్పం. లోపల నింపిన ఆకే బలానికి మూలం. సిగార్లలో మధురో అనే ముదురు రంగు పైఆకును ఎక్కువకాలం మగ్గబెట్టి తయారు చేస్తారు. అలా మగ్గిన ఆకు రుచికి కాస్త తియ్యగా ఉంటుంది. అందుచేత చూడటానికి నల్లగా ఉన్నా కొన్ని మధురో సిగార్లు మధ్యస్థంగానే ఉంటాయి. వస్త్రపు పందిళ్ల కింద నీడన పెంచిన లేత రంగు ఆకు చుట్టినప్పటికీ, లోపల తలాకు దట్టించి ఉంటే మనిషిని కూలదోస్తుంది. మామిడిపండు తొక్క రంగు చూసి పులుపు, తీపి తేల్చలేనట్టే, చుట్ట పైరంగు చూసి ఘాటు తేల్చలేం.

లావు, పొడవు.. ఆఖరి మూడోవంతు

చుట్ట పరిమాణం మరో లెక్క. పొడవైన లావుపాటి సిగార్లో 5 గ్రాముల నుంచి 17 గ్రాములకు పైగా పొగాకు పడుతుంది. ఒక సిగరెట్‌లో ఉండేది గ్రాముకు లోపే. అంటే కొన్ని పెద్ద సిగార్లలో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉంటుంది. గంటకు పైగా కాలే ఇటువంటి దానిని తొలిసారే చేతపట్టడం కోరి కష్టం తెచ్చుకోవడమే. అలాగని సన్నటిది క్షేమమనీ కాదు. సన్నటి చుట్టలో మంట పెదవులకు చేరువై పొగ వేడిగా వస్తుంది. తొందర తొందరగా పీల్చినా ఇదే పరిస్థితి.

ముట్టించిన చోట నుంచి చివరి వరకు ఘాటు ఒకేలా ఉండదన్నది గమనార్హం. కాలుతున్నకొద్దీ పొగలోని తారు, నికోటిన్ కొంతమేర మిగిలిన ఆకుపై పేరుకుంటాయి. అందువల్ల ఆఖరి మూడోవంతు మొదటి భాగం కంటే ఘాటుగా, చేదుగా ఉంటుంది. ఆరిపోయిన చుట్టను దాచుకొని మళ్లీ ముట్టించే అలవాటు పల్లెల్లో ఉంది. అలా మిగిలిన ముక్క మరింత చేదెక్కుతుంది. పైన ప్రస్తావించిన యువకుడు చేజిక్కించుకున్నది కూడా తాతగారు సగం కాల్చి చూరులో దాచుకున్న చుట్టే.

సిగరెట్ అలవాటే శత్రువు

చుట్టకు, సిగరెట్‌కు మధ్య ఉన్న అసలు తేడా పొగ స్వభావంలో ఉంది. సిగరెట్ పొగ ఆమ్ల గుణం కలది. అందులోని నికోటిన్ నోటిలో అంతగా ఇంకదు. ఊపిరితిత్తుల్లోకి పీల్చితేనే రక్తంలో కలుస్తుంది. చుట్ట, సిగార్ పొగ క్షార గుణం కలది. దానిలోని నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. పీల్చనవసరం లేదు. నోట పట్టి వదిలినా చాలు.

ఇక్కడే కొత్తవారు రెండు విధాలుగా దెబ్బతింటున్నారు. సిగరెట్‌కు అలవాటుపడినవారు చుట్ట పొగను సైతం అలవాటు కొద్దీ లోపలికి లాగుతారు. అప్పుడు నోటి నుంచి, ఊపిరితిత్తుల నుంచి నికోటిన్ ఏకకాలంలో చేరుతుంది. అలవాటు లేనివారిది మరో సమస్య. నోటి నుంచి నికోటిన్ నెమ్మదిగా ఎక్కుతుంది. మొదటి పది నిమిషాల్లో ఏమీ తెలియదు. 'దీనిలో ఏముంది' అన్న ధీమాతో మరింత పీల్చుతారు. ప్రభావం తెలిసేసరికి తీసుకోవలసిన దానికంటే ఎక్కువే తీసుకొని ఉంటారు. చుట్ట పక్కన పెట్టిన తరువాత కూడా కొంతసేపు ఒంట్లోకి ఎక్కుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో ఉన్నా, మద్యం సేవించి ఉన్నా ఇబ్బంది రెట్టింపవుతుంది.

డెబ్బై ఏళ్ల తాతకు ఏమీ కాకపోవడానికి కారణం ఆయన దేహబలం కాదు. ఏళ్ల తరబడి తీసుకోవడంతో శరీరం నికోటిన్‌కు మొద్దుబారింది. తల తిరగడం మానేసింది. అయితే తల తిరగకపోవడం వేరు, హాని జరగకపోవడం వేరు. శరీరం అలవాటుపడేది నికోటిన్‌కే. పొగలోని క్యాన్సర్ కారకాలకు ఏ శరీరమూ అలవాటుపడదు.

చుట్టేవారి చేతిలో కొలత

చుట్టలు చుట్టే వృత్తిలో తలపండిన ఓ వృద్ధుడిని సంతలో కదిలించగా ఘాటు గురించి తనదైన లెక్క వివరించారు. ఈనె తీసిన ఆకును తడి గుడ్డలో ఉంచి మెత్తబరచి, లోపల నలిగిన ఆకు పరచి, పైన వెడల్పాటి ఆకుతో బిగించి, కొసకు దారం కడతానని తెలిపారు. మనిషిని చూసి లోపలి ఆకు మారుస్తానన్నారు. పొలం పనిచేసి వచ్చిన పెద్దవారు అడిగితే తలాకు ఎక్కువగా, సరదాకు అడిగేవారికి అడుగాకు ఎక్కువగా వేస్తానని చెప్పారు. బిగువుగా చుట్టితే పొగ సన్నగా వచ్చి, లాగినకొద్దీ వేడెక్కుతుందని, వదులుగా చుట్టితే గబగబా కాలిపోతుందని వివరించారు. 'మీ మనవడు అడిగితే ఏది ఇస్తారు బాబాయ్ గారూ?' అని ఈ విలేకరి ప్రశ్నించగా ఆయన చేతిలోని ఆకు పక్కన పెట్టి, 'వాడికి ఇవ్వనండి. వాడు అడిగితే ఈ పీట ఎత్తేస్తాను' అని బదులిచ్చారు.

ఆ మాటలోనే ఈ వృత్తి వ్యథ దాగి ఉంది. చుట్ట కాల్చే తరం తరిగిపోతోంది. చుట్టేవారి పిల్లలు ఇతర పనులకు తరలిపోతున్నారు. ఘాటును వేళ్లతో కొలిచే నేర్పు వారితోనే అంతరించిపోయే సూచనలు కనిపిస్తున్నాయి. అది పోవడం బాధాకరమా, శుభపరిణామమా అన్న ప్రశ్నకు ఆ ఇంటివారే ఒక్క మాట చెప్పలేకపోతున్నారు.

తేలిక చుట్ట క్షేమమా?

కొత్తవారు తేలిక రకం ఎంచుకుంటే తల తిరగడం, వాంతులు తగ్గవచ్చు. అంతవరకే. రోగం దగ్గరకు వచ్చేసరికి తేలిక, మధ్యస్థం, ఘాటు అన్న భేదం లేదు. ఆకు కాలినప్పుడు వెలువడే తారు, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ కారక పదార్థాలు అన్నింటిలోనూ ఉంటాయి. పైగా మగ్గబెట్టే క్రమంలో చుట్ట, సిగార్ ఆకులో నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు అధికంగా తయారవుతాయి. పొగ పీల్చకపోయినా నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు తప్పదని వైద్యశాస్త్రం స్పష్టం చేస్తోంది. తేలిక రకంతో మరో ప్రమాదం ఉంది. ఘాటు చుట్ట తొలిరోజే తరిమేసే మనిషిని, తేలిక చుట్ట మచ్చిక చేసుకుంటుంది. నేడు ఒకటితో మొదలై, రేపు రెండై, ఆపై బలమైన రకానికి దారితీస్తుంది.

ఈ విషయంలో ఉత్తరాంధ్ర తీరం నేర్పే పాఠం విస్మరించరానిది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. మండే కొసను నోటిలోపల పెట్టుకొని కాల్చడమే అడ్డపొగ. మహిళల్లోనే ఈ అలవాటు ఎక్కువ. గాలికి, తడికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, నోరు మూసి పనిచేసుకోవచ్చని దీనికి అలవాటుపడినవారు చెబుతారు. చుట్ట తేలికైనదైనా, ఘాటైనదైనా నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలిని తాకుతాయి. రాష్ట్రంలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో వెలువరించిన వైద్య అధ్యయనం అడ్డపొగకు, అంగిలి వ్యాధులకు గల సంబంధాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ అలవాటు ఉన్నవారిలో కనిపించడం వైద్యులను కలవరపరిచింది. అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటు ఇది. ఎవరూ ఘాటు లెక్కలు చూసి మొదలుపెట్టలేదు. ఎదురుగా కనిపించింది కాబట్టి మొదలుపెట్టారు.

పొగాకు కోసే కూలీలకూ ఈ ఘాటు సెగ తగులుతోంది. మంచుకు తడిసిన ఆకును ఉదయాన్నే ఒట్టి చేతులతో కోసినప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. తల తిరగడం, వాంతులు, నీరసం కలుగుతాయి. దీనిని ఎండదెబ్బగా భ్రమించేవారు ఎక్కువ. మంచు ఆరిన తరువాత కోతకు దిగడం, పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు ధరించడం, పని ముగిశాక సబ్బుతో కడుక్కోవడం మేలు చేస్తాయి.

వెంకటేశం నుంచి నేటి వరకు

గురజాడ 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం వద్ద శిష్యుడు వెంకటేశానికి నిజంగా అబ్బిన విద్య చుట్ట కాల్చడమే. నవ్వు పుట్టించే ఆ ఘట్టం వెనుక కఠోర సత్యం ఉంది. చుట్టను ఎవరూ ఒంటరిగా నేర్చుకోరు. ఎవరో ఒకరు నేర్పుతారు. ఈ విలేకరికి సైతం డిగ్రీ చదివే రోజుల్లో మేనమామ గారి పొగాకు కాడ ఒకటి దొంగచాటుగా చుట్టి ఏటిగట్టుపై కాల్చిన అనుభవం ఉంది. గట్టు, ఏరు, ఆకాశం ఒక్కటై తిరిగిన ఆ సాయంత్రం నేటికీ మరపునకు రాలేదు. అదే గట్టుపై చుట్ట కాల్చుతూ పంట కాపు కాసిన మేనమామ, నోటిలో మానని పుండును రెండేళ్లపాటు పంటి నొప్పి అనుకొని లవంగ నూనె రాస్తూ గడిపారు. వైద్యుడి వద్దకు వెళ్లేసరికి సమయం మించిపోయింది. ఆయన కాల్చింది ఊరిలో అందరూ 'తేలిక' అని మెచ్చుకున్న అడుగాకు చుట్టలే.

పొగాకు ఉత్పత్తుల నియంత్రణకు కేంద్ర ప్రభుత్వం 2003లో చట్టం చేసింది. చుట్టలు, సిగార్లు కూడా దీని పరిధిలోకి వస్తాయి. పద్దెనిమిదేళ్లలోపు వారికి విక్రయించడం, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మడం నేరం. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై నిషేధాన్ని 2008 అక్టోబరు 2 నుంచి కట్టుదిట్టం చేశారు. పెట్టెలపై హెచ్చరిక బొమ్మలు తప్పనిసరి అయ్యాయి. అయితే సంతలో కట్టగా, విడిగా అమ్మే చుట్టకు పెట్టె లేదు. పెట్టె లేనిచోట బొమ్మ లేదు. హెచ్చరిక చేరవలసిన పల్లె జనానికే అది చేరడం లేదు.

కళ్లు తిరిగితే ఏం చేయాలి?

* వెంటనే చుట్ట ఆర్పివేయాలి. మరో దమ్ముతో సర్దుకుంటుందన్న భ్రమ వద్దు.
* గాలి తగిలేచోట కూర్చోబెట్టాలి. నిలబెట్టి నడిపించరాదు.
* నోరు పుక్కిలించి, కొద్దికొద్దిగా నీరు తాగించాలి. మద్యం ఇవ్వరాదు.
* వాంతులు ఆగకపోయినా, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నా, స్పృహ తప్పినా జాప్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. ఏం కాల్చారో, ఎంత కాల్చారో వైద్యుడికి దాచకుండా చెప్పాలి.
* చిన్నపిల్లలు పొగాకు ముక్క నమిలితే అది ఎంత చిన్నదైనా అత్యవసర పరిస్థితిగా భావించాలి. చుట్టలను, కాడలను వారికి అందని చోట ఉంచాలి.

ఇవి కనిపిస్తే తాత్సారం వద్దు

* నోటిలో రెండు వారాలు దాటినా మానని పుండు
* అంగిలి, బుగ్గ, నాలుకపై తెల్లని లేదా ఎర్రని మచ్చలు
* కారం తగిలితే మంట, నోరు తెరవడం కష్టం కావడం
* గొంతు బొంగురు, మింగడంలో ఇబ్బంది, మెడలో గడ్డ

తొలిదశలో గుర్తిస్తే నోటి క్యాన్సర్‌ను నయం చేసే అవకాశాలు మెరుగ్గా ఉంటాయి. చుట్ట కాల్చే పెద్దలు ఇంట్లో ఉంటే నెలకొకసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోమనడం కుటుంబ సభ్యుల బాధ్యత. అలవాటు మానదలచినవారికి కేంద్ర ఆరోగ్య శాఖ 1800-11-2356 నంబరుతో ఉచిత సలహా సేవ నిర్వహిస్తోంది.

ఘాటు లెక్క తెలిసినవారు ఒక విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. తలాకా, అడుగాకా అన్నది చుట్టేవారు తేల్చవచ్చు. నల్లదా, లేతదా అన్నది కొనేవారు చూసుకోవచ్చు. ఏ ఆకు ఎవరి నోటిలో పుండై తేలుతుందో మాత్రం ముందుగా చెప్పగలవారు లేరు. విడిదింట్లో కూలబడిన యువకుడు మర్నాడు పెళ్లి భోజనానికి కూర్చున్నాడు. తాతగారు మాత్రం చూరులోని చుట్టలను అక్కడి నుంచి తీసేశారు. మనవడికి కనబడేలా ఇక ఉంచనని ఇంటివారికి మాట ఇచ్చారు. కనబడకుండా ఉంచుతారా, అసలే మానుతారా అన్నది ఆ ఇల్లు ఎదురుచూస్తున్న జవాబు.